గోడ మీద అమ్మాయి, కౌంటరు దగ్గర అబ్బాయి

మందుల కొట్టుకు వెళ్ళినప్పుడు మీరెప్పుడైనా గోడ వంక చూశారా? దేవుడి పటం పక్కనో, క్యాలెండరు వెనకో ఫ్రేము కట్టిన కాగితాలు రెండు మూడు వేలాడుతుంటాయి. ఒకటి ఆ కొట్టుకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు. ఇంకొకటి ఫార్మసీ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు. ఆ రెండో కాగితం మీద ఉన్న పేరు చదవండి. చదివి, కౌంటరు దగ్గర నిలబడి మీకు మందులిస్తున్న మనిషి వంక చూడండి.

నేను పోయిన ఏడాది ఈ పని చాలా చోట్ల చేశాను. బందరు రోడ్డు, గుడివాడ రోడ్డు, చల్లపల్లి రోడ్డు కలిసే మా పామర్రు సెంటరు నుంచి మొదలుపెట్టి, పని మీద ఏ ఊరు వెళ్ళినా మందుల కొట్టు కనిపిస్తే ఆగాను. అన్ని కొట్లూ ఒకటేనని అనను. చదివినవాళ్ళే నిలబడి నిజాయితీగా నడుపుకునే కొట్లు ఉన్నాయి. కానీ నేను చూసినవాటిలో ఎన్నో కొట్లలో గోడ మీద ఉన్నది ఆడపిల్ల పేరు. కౌంటరు దగ్గర ఉన్నది పదో తరగతితో చదువు ఆపేసిన మగపిల్లవాడు.

ఆ గోడల మీది పేర్లలో ఒకటి మా అమ్మాయిది. ఆ కాగితం తీసుకెళ్ళి ఇచ్చినదాన్ని నేను. కాబట్టి ఎవరినో దుమ్మెత్తిపోయడానికే ఇది రాస్తున్నానని అనుకోకండి.

మా అమ్మాయి డి.ఫార్మసీ చదివింది. రెండేళ్ళ చదువు, ఆపైన ఐదు వందల గంటల ప్రాక్టికల్ శిక్షణ. రిజిస్ట్రేషను కాగితం చేతికొచ్చిన నెలలోపే తెలిసినాయన ఒకాయన మా ఇంటికొచ్చాడు. "పిన్నిగారూ, అమ్మాయిని ఎలాగూ ఉద్యోగానికి పంపరు గదా. కాగితం బీరువాలో ఉంటే ఏం లాభం? మావాళ్ళు కొట్టు పెడుతున్నారు. నెలకు నాలుగు వేలు ఇప్పిస్తాను. అమ్మాయి రానక్కర్లేదు" అన్నాడు. రానక్కర్లేదు అన్న మాటను ఆయన వరం ఇచ్చినట్టు చెప్పాడు. నేనూ అలాగే విన్నాను. సంబంధాలు చూస్తున్న రోజులు. పిల్ల కొట్లో నిలబడి పదిమందికీ మందులిస్తోందంటే ఎవరేమంటారోనని నా భయం. "నేనే వెళ్ళి పనిచేస్తానమ్మా, జీతమే ఇవ్వమను" అని పిల్ల అంటే, నోరుమూసుకోమన్నాను. అంగన్‌వాడీలో పాతికేళ్ళు పనిచేసి, ఆడపిల్లలను చదివించండని ఊరి గోడలన్నిటి మీదా రాయించినదాన్ని నేను.

నెలనెలా డబ్బు వచ్చింది. పిల్లకు పెళ్ళయి వేరే జిల్లాకు వెళ్ళిపోయింది. కాగితం మాత్రం ఇక్కడే గోడకు ఉండిపోయింది. చట్టం లెక్కలో మా అమ్మాయి రోజూ పొద్దున కొట్టు తెరుస్తున్నట్టు, రాత్రి మూస్తున్నట్టు, మధ్యలో వచ్చిన ప్రతి మనిషికీ తన కళ్ళ ముందే మందు ఇస్తున్నట్టు.

పోయిన సార్వా నాట్లప్పుడు మా వీధి చివర ఉండే ఆమె పొలంలో పడిపోయింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. మూడో నెల నిండి నాలుగో నెల వస్తోంది. అప్పటికి పది రోజులుగా రక్తం పోతోంది. నాట్లు పోతే కూలి పోతుంది, కూలి పోతే ముఠాలో చోటు పోతుంది. అందుకని గుడ్డలు పెట్టుకుని అలాగే వంగి నాట్లు వేసింది. మేం ఆటోలో వేసుకుని బందరు తీసుకెళ్ళాం. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. బతికింది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం మాత్రలు వేసుకున్నావు, ఎవరిచ్చారు?" అని. ఆమె చెంగు ముడి విప్పి ఖాళీ అట్ట ముక్క చూపించింది. బిల్లు లేదు. అట్ట మీద ఉన్న ధరకు రెండింతలు తీసుకున్నారట. ఎన్నో నెల అని అడగలేదు, ఒంట్లో రక్తం ఎంత ఉందని అడగలేదు, ఎక్కువ పోతే ఎక్కడికి వెళ్ళాలో చెప్పలేదు. "రెండు రోజుల్లో అయిపోద్ది" అని మాత్రం చెప్పి న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చారు. ఏ కొట్టు అని అడిగితే ఆమె చెప్పిన గుర్తులు విన్నాను. అది మా అమ్మాయి పేరున్న కొట్టు.

ఆ కొట్టు పేరు నేను ఇక్కడ రాయను. రాస్తే ఆ ఒక్క కొట్టు మూస్తారు, మిగిలినవాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

ఇప్పుడు చట్టం ఏం చెబుతోందో చూడండి. మందుల చట్టం 1940 నాటిది, దాని కింద రూల్సు 1945 నాటివి. కల్తీ మందులు దేశాన్ని ముంచెత్తితే 1930లో చోప్రా కమిటీ వేశారు. మందు తయారుచేసేవాడి మీదా, అమ్మేవాడి మీదా అదుపు ఉండాలన్నది ఆ కమిటీ సలహా. అందులోంచి వచ్చిందే ఈ లైసెన్సు పద్ధతి. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. దాని 42వ సెక్షను ప్రకారం, డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టరయిన ఫార్మసిస్టే. డాక్టరు తన రోగులకు తానే ఇచ్చుకోవడం ఒక్కటే వేరు.

చిల్లర కొట్టుకు ఫారం 20, ఫారం 21 మీద లైసెన్సులు ఇస్తారు. హోల్‌సేలువాళ్ళకు 20-బి, 21-బి. కొట్టు కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి. అంటే సుమారు 108 చదరపు అడుగులు. ఫ్రిజ్జు ఉండాలి. హోల్‌సేలుకు ఫార్మసిస్టే అక్కర్లేదు. మెట్రిక్ పాసై నాలుగేళ్ళు మందుల అమ్మకంలో పనిచేసినవాడైనా చాలు, డిగ్రీ చదివి ఏడాది అనుభవం ఉన్నవాడైనా చాలు. పెట్టెలు పెట్టెలుగా అమ్మేవాడు రోగి ముఖం చూడడు కనుక ఆ సడలింపు. చిల్లర కొట్టుకు ఆ సడలింపు లేదు. అక్కడ షెడ్యూల్ హెచ్ మందు ఏది ఇచ్చినా డాక్టరు చీటీ ఉండాలి, ఫార్మసిస్టు స్వయంగా చూస్తూ ఉండగా ఇవ్వాలి. లైసెన్సు అందరికీ కనపడేలా గోడకు పెట్టాలని కూడా షరతు ఉంది. ఫార్మసిస్టు మారితే నెలలోపు అధికారులకు రాసి తెలపాలి. అంటే రోగికీ మందుకూ మధ్య తెలిసిన మనిషి ఒకరు నిలబడాలన్నది ఈ చట్టం ప్రాణం. చదరపు అడుగులూ, ఫ్రిజ్జూ, ఫారాలూ అన్నీ ఆ మనిషి చుట్టూ అల్లినవి. మనవాళ్ళు అల్లినదంతా ఉంచి మనిషిని తీసేశారు.

పెట్టె మాత్రం చట్టప్రకారమే వస్తుంది. అది బెజవాడలో హోల్‌సేలు కొట్టు నుంచి బయలుదేరేటప్పుడు బిల్లు ఉంటుంది. బిల్లు మీద బ్యాచి నంబరు ఉంటుంది. లైసెన్సు లేని కొట్టుకు హోల్‌సేలువాడు అమ్మకూడదు కాబట్టి లైసెన్సు చూసే అమ్ముతాడు. ఫ్యాక్టరీ నుంచి పామర్రు కౌంటరు దాకా ఆ మాత్రలకు ఊరూ పేరూ ఉన్నాయి. కౌంటరు దాటి ఆడదాని చెంగులోకి వచ్చేసరికి బిల్లు లేదు, పేరు లేదు, ఇచ్చినవాడు లేడు. ఆమె చచ్చిపోతే ఆ మాత్రలు ఎక్కడివో ఎవరూ చెప్పలేరు. చెప్పవలసి వస్తే చట్టం వేలు చూపేది ఎవరినో తెలుసా? వేరే జిల్లాలో కాపురం చేసుకుంటున్న మా అమ్మాయిని.

ఇక ఆ మాత్రల సంగతి. మిఫెప్రిస్టోన్, మీసోప్రోస్టాల్ అనే ఈ రెండు మందులు చెడ్డవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, 2019లో ఆ జాబితాలోని ముఖ్య విభాగంలోకి తెచ్చింది. మన దేశంలో 2002 నుంచి ఉన్నాయి. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన 1971 చట్టం కింద, 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, అర్హత ఉన్న డాక్టరు తొమ్మిది వారాల లోపు గర్భానికి వీటిని ఇవ్వవచ్చు. దేశంలో 2015లో జరిగిన గర్భస్రావాలు 1 కోటి 56 లక్షలని, వాటిలో నూటికి 73 ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే జరిగాయని 2017లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. మాత్రలతో ఇంట్లో గర్భం పోగొట్టుకున్నవాళ్ళందరూ చావుబతుకుల్లో పడ్డారని కాదు. సరైన నెలలో, సరైన పద్ధతిలో వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. ఎన్నో నెలో చూసి, రక్తహీనత ఉందా, గర్భం బయట ట్యూబులో నిలిచిందా అని అనుమానించే మనిషి ఒకరు కావాలి. కోటికి పైగా ఆడవాళ్ళకు ఆ మనిషి స్థానంలో దొరికినది ఎవరు? ఎక్కువమందికి మందుల కొట్టు కుర్రాడు.

అట్ట మీద ఏం అచ్చువేస్తారో చూశారా? రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ మీదే అమ్మాలని. దాన్ని కుదిస్తే ఆర్.ఎం.పి. చట్టంలో ఆర్.ఎం.పి. అంటే కౌన్సిల్లో పేరున్న డాక్టరు. మన ఊళ్ళో ఆర్.ఎం.పి. అంటే సైకిలు మీదో మోటారు సైకిలు మీదో తిరిగి ఇంజెక్షన్లు వేసే ఆయన. "ఆర్.ఎం.పి. రాసిచ్చాడండీ" అని కొట్టువాడు చెబితే అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించదు.

ఆ రోజు మా అమ్మాయి కౌంటరు దగ్గర ఉంటే ఏమయ్యేది? చీటీ లేకుండా మాత్రలు ఇచ్చే హక్కు తనకూ లేదు. కానీ "అక్కా, ఎన్నో నెల?" అని అడిగేది. మూడు దాటిందంటే ఇవి వేసుకోవద్దని చెప్పేది. ఏ ఆసుపత్రికి, ఏ రోజు వెళ్ళాలో చెప్పేది. ఆడమనిషి ఆడమనిషితో నెల లెక్క చెప్పుకోగలదు. పక్కన బీడీలకు చిల్లర అడుగుతున్న మగవాళ్ళ మధ్య నిలబడి కొడుకు వయసు కుర్రాడితో ఏ ఆడది చెప్పుకోగలదు? మన పిల్లలు నెలసరి గుడ్డల ప్యాకెట్టును నల్ల కవర్లో పెట్టించుకుని తెచ్చుకుంటారు. పండక్కో, తిరుపతి ప్రయాణానికో నెలసరి వాయిదా వెయ్యడానికి హార్మోను మాత్రలు తెమ్మని మొగుణ్ణి పంపుతారు. ఎన్ని వేసుకోవాలో కొట్టువాడు మొగుడికి చెబితే, మొగుడు ఆమెకు చెబుతాడు. ఆమె ఒంటి సంగతి అడిగేవాళ్ళు మధ్యలో ఎవరూ ఉండరు.

హార్మోను మందులతో ఆడవాళ్ళ ఒళ్ళు ఆడుకోవడం కొత్త కాదు. పెద్ద మోతాదు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్ కలిపిన మందులను కొట్లలో గర్భం ఉందో లేదో చూసుకోవడానికీ, పోగొట్టుకోవడానికీ అని అమ్మేవారు. కడుపులో బిడ్డకు ప్రమాదమని తెలిసి 1982లో ప్రభుత్వం నిషేధించబోతే కంపెనీలు హైకోర్టుల నుంచి స్టేలు తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడితే 1988లో నిషేధం వచ్చింది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షను క్యాంపు పెట్టినప్పుడు, అక్కడికి వచ్చిన ఆడవాళ్ళకు అది ప్రయోగమన్న సంగతే సరిగా చెప్పలేదని హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన నిలదీసింది. 1986లో సహేలీ తదితరులతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ పోరాటాలు చేసినవాళ్ళు అడిగినది ఒకటే: మందు ఇచ్చేటప్పుడు మాకు చెప్పి ఇవ్వండి. ఢిల్లీలో, హైదరాబాదులో గెలిచిన ఆ హక్కు పామర్రు కౌంటరు దాకా ఇంకా రాలేదు.

ఈ మాట కొట్ల యజమానులతో అంటే వెంటనే వచ్చే జవాబు, "పల్లెటూళ్ళల్లో ఫార్మసిస్టులు ఎక్కడ దొరుకుతారండీ?" దొరకలేదా? మీ గోడ మీద ఉన్నది ఎవరు? దొరికారు, డబ్బిచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు. మనిషిని పెట్టుకుంటే జీతం ఇవ్వాలి, కాగితానికైతే నాలుగు వేలు చాలు. దొరకనిది ఫార్మసిస్టు కాదు, ఆ జీతం.

కొట్లు లేని మారుమూల పల్లెల మాటేమిటని ఇంకొందరు అంటారు. దానికి చట్టంలోనే దారి ఉంది. వెయ్యికి మించని జనాభా ఉన్న ఊళ్ళో పారాసిటమాల్, ఆస్పిరిన్, గ్రైప్‌వాటరు వంటి ఇంటి మందులను లైసెన్సు లేకుండానే అమ్ముకోవచ్చు. ఫార్మసిస్టు పర్యవేక్షణ అక్కర్లేని మందులకు వేరే పరిమిత లైసెన్సు, 20-ఎ, 21-ఎ, ఉంది. జ్వరం బిళ్ళ కోసం ఎవరూ ఎవరి సర్టిఫికెట్టూ అద్దెకు తెచ్చుకోనక్కర్లేదు. అద్దె కాగితం కావలసింది యాంటీబయాటిక్కులూ, స్టెరాయిడ్లూ, ఈ మాత్రలూ అమ్మడానికి.

అయితే దాడులు చేయించండి, కేసులు పెట్టించండి అంటారు మనలోనే కొందరు. ఇక్కడ నేను కొంచెం ఆగి ఆలోచించమంటాను. తనిఖీ జరగబోతోందని తెలియగానే కొట్టువాడు మొదట దాచేసేది ఏమిటి? ఆడవాళ్ళ మాత్రలు. యాంటీబయాటిక్కులు అలమరలో అలాగే ఉంటాయి. వాటిలో కొన్నిటికి 2014 నుంచి హెచ్-వన్ రిజిస్టరు రాసి మూడేళ్ళు దాచాలని రూలు ఉన్నా సరే. "మాకెందుకండీ ఆ గొడవ, అవి తేవడమే మానేశాం" అని నాతో ఒకాయన గర్వంగా చెప్పాడు. డాక్టరు చీటీ పట్టుకుని వెళ్ళిన ఆడదానికి కూడా అక్కడ మందు లేదు. ఆమె గుడివాడ వెళ్ళాలి, లేదా నాటు మంత్రసాని దగ్గరికి వెళ్ళాలి.

మన పాలకులకు ఇలాంటి నిషేధాలు ఇష్టం. 2018 ఏప్రిల్లో కేంద్ర ప్రభుత్వం ఆక్సిటోసిన్ ఇంజెక్షనును ప్రైవేటు కంపెనీలు దేశంలో అమ్మడానికి తయారుచేయకూడదని ఆజ్ఞ ఇచ్చింది. కర్ణాటకలోని ఒక్క ప్రభుత్వ కంపెనీ మాత్రమే చేయాలంది. కారణం, పాలు చేపడానికి గేదెలకు అది పొడుస్తున్నారని. మా డెల్టాలో గేదెలున్న ఇంట పుట్టినవాళ్ళకు ఆ సంగతి తెలియనిది కాదు. కానీ కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లిని బతికించేది కూడా ఆ ఇంజెక్షనే కదా! గేదెకు జరిగే అన్యాయం చూసిన కళ్ళకు బాలింత కనపడలేదు. అఖిల భారత ఔషధ కార్యాచరణ సంఘంతో పాటు కంపెనీలూ కోర్టుకు వెళ్ళాయి. 2018 డిసెంబరు 14న ఢిల్లీ హైకోర్టు ఆ ఆజ్ఞను కొట్టేసింది. కంపెనీలు తమ లాభం కోసమే వెళ్ళాయని నాకు తెలుసు. అయినా ఆ ఆజ్ఞ నిలిచి ఉంటే చచ్చేది కంపెనీ కాదు.

కాబట్టి అలమర ఖాళీ చేయమని నేను అడగడం లేదు. గోడ మీద ఉన్న పిల్లను కిందికి దించి కౌంటరు దగ్గర నిలబెట్టమంటున్నాను. రూల్సు ప్రకారం డ్రగ్ ఇన్‌స్పెక్టరు తన పరిధిలోని ప్రతి కొట్టునూ ఏడాదికి ఒక్కసారైనా చూడాలి. ఆ ఒక్కసారీ స్టాకు లెక్కకన్నా ముందు ఒక పేరు పిలవాలి. "ఈ కాగితం మీదున్న ఆమె ఏరీ?" అని. లేకపోతే ఆమెకు ఇచ్చిన జీతం బ్యాంకు కాగితం చూపించమనాలి. నాలుగు వేలు జీతమా, అద్దెనా అన్నది అక్కడే తేలిపోతుంది. 2017 నుంచి లైసెన్సును కొత్తగా రాయించుకోనక్కర్లేదు, ఐదేళ్ళకోసారి ఫీజు కడితే చాలు, అది అలాగే నిలిచి ఉంటుంది. వ్యాపారులకు సులువైంది. అద్దె కాగితాలకు కూడా సులువైంది.

పిల్లలు సొంతంగా కొట్టు పెట్టుకోవచ్చు కదా అంటే, 108 అడుగుల గది ఎవరి పేరున ఉంది? మన రాష్ట్రంలో పిత్రార్జితంలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తింపజేశారు. ఆ చట్టం చూసి రోడ్డు పక్క గదిని కూతురి పేరున రాసిన తండ్రి మా చుట్టుపక్కల నాకు కనపడలేదు. కట్నంగా డబ్బు ఇస్తారు. అది అల్లుడి స్కూటరుకూ, ఆడబిడ్డ పెళ్ళికీ పోతుంది. మేమూ అలాగే ఇచ్చాం. ఆ డబ్బుతో పామర్రులో రెండు కొట్లు పెట్టవచ్చునని మా అమ్మాయి ఇప్పుడు లెక్క చెబుతోంది. జన ఔషధి కేంద్రం పెట్టుకునే స్త్రీలకు సామాన్లకూ కంప్యూటరుకూ రూ. 2 లక్షల సాయం ఉందని కూడా తనే చెప్పింది. బస్టాండుల్లో, పంచాయతీ కాంప్లెక్సుల్లో గదులు వేలం వేసేటప్పుడు రిజిస్టరయిన ఆడపిల్లలకు ముందు చోటు ఇమ్మని మన సంఘాలు అడగాలి. ప్రతి మందుకూ, ముఖ్యంగా ఆడవాళ్ళు సిగ్గుపడి అడగని ఆ మాత్రలకు, బిల్లు ఇచ్చి తీరాలని అడగాలి. ఇందులో కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రాత్రే మా అమ్మాయికి ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాటు వేసే ఆమె నా దగ్గర కొన్నట్టే కదమ్మా" అంది. కాదని ఎలా చెప్పను? రెండు రోజుల తర్వాత వచ్చింది. ఆ కొట్లో తాను పనిచేయడం లేదని, ఏనాడూ చేయలేదని ఔషధ నియంత్రణ అధికారులకు రాసి రిజిస్టరు పోస్టు చేసింది. ఏనాడూ చేయలేదన్న ముక్క రాయవద్దని, దాని వల్ల తనకే చిక్కు వస్తుందని ఇంట్లో అందరం చెప్పాం. వినలేదు. ఇద్దరం వెళ్ళి గోడ మీది కాగితం అడిగి తెచ్చుకున్నాం. కొట్టు యజమాని కోపగించుకోలేదు. స్టూలు ఎక్కి తనే తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. "మీరు కాకపోతే ఇంకొకరు పిన్నిగారూ" అన్నాడు.

మూడు వారాలు తిరక్కుండానే ఆ మేకుకు కొత్త ఫ్రేము వచ్చింది. మొన్న దగ్గు మందు కోసమని వెళ్ళి చదివాను. మళ్ళీ ఆడపిల్ల పేరే. కౌంటరు దగ్గర అదే కుర్రాడు. ఆ అమ్మాయి ఏ ఊరిదో నాకు తెలియదు, పేరు ఇక్కడ రాయను. ఆమె తల్లి ఈ పత్రిక చదివేవారయితే సంఘం చిరునామాకు నా పేరున ఒక ఉత్తరం రాయండి. నేను వచ్చి మాట్లాడతాను.